కార్డు పెడితే రీడర్ బీప్ అంటోంది, ప్రింటర్ మాత్రం "నమోదు కాలేదు" అంటోంది

టోనర్_చేతులు
గచ్చిబౌలిలో ఒక ఆఫీసుకి ప్రింటర్ మెషీన్ల ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) నాది. నాలుగు ఫ్లోర్లు, ఫ్లోర్‌కి రెండు కలర్ మెషీన్లు, అన్నిటికీ కార్డు రీడర్లు. సిస్టం నుంచి ప్రింట్ కొట్టి, ఏ మెషీన్ దగ్గరికైనా వెళ్లి కార్డు పెడితే కాగితం వచ్చే పద్ధతి. ఇన్నాళ్లూ గొడవ లేదు. పోయిన నెల బిల్డింగు వాళ్లు తలుపుల సిస్టం మార్చి దాదాపు అందరికీ కొత్త కార్డులిచ్చారు. పాతవి 125 కిలోహెర్ట్జ్ రేడియో ఫ్రీక్వెన్సీ మీద పనిచేసేవి, కొత్తవి 13.56 మెగాహెర్ట్జ్. నా రీడర్లు రెండూ చదివే రకమే. కొత్త కార్డు పెడితే బీప్ వస్తుంది, లైటు పచ్చగా మారుతుంది, స్క్రీన్ మీద మాత్రం "ఈ కార్డు నమోదు కాలేదు" అని వస్తుంది. హెచ్ఆర్ వాళ్లు తలుపుల సాఫ్ట్‌వేర్ నుంచి నంబర్లు ఎక్సెల్‌లోకి తీసి ఇచ్చారు, ఐటీ వాళ్లు అవే ప్రింట్ సర్వర్‌లోకి ఎక్కించారు. ఇప్పుడు అందరూ కలిసి "రీడర్లు పాడయ్యాయి, మార్చు" అని నా మీద పడ్డారు. ఎనిమిది రీడర్లు ఒకే రోజు పాడవుతాయా ఎక్కడైనా?

ఇంకోటి, 3వ ఫ్లోర్‌లో ఒక మెషీన్‌కి పొద్దున పూట రీడర్ లైటే వెలగదు. పవర్ ఆపి వేస్తే సాయంత్రం దాకా బాగుంటుంది. రెండింటికీ సంబంధం ఉందా?

ఐటీ_గది_దెయ్యం
సంబంధం లేదు, రెండు వేరే జబ్బులు. మొదటిదానికి: రీడర్ పంపిన నంబరు సర్వర్ లాగ్‌లో ఎంత కనపడుతోంది? అదే మనిషికి ఎక్సెల్‌లో ఎంత ఉంది? రెండూ పక్కపక్కన పెట్టి చూడు. ఐటీ వాళ్లని తిట్టుకోకు, మా మీద హెచ్ఆర్ ఎక్కి కూర్చుని ఉంటుంది.

కొత్త_కుర్రాడు_విశాఖ
రీడర్ ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి చూడు బ్రో.

ఫ్యూజర్_బాబాయ్
తోచనప్పుడల్లా ఫర్మ్‌వేర్ అనడం మీ కుర్రాళ్లకి బాగా అలవాటైంది. బీప్ వచ్చిందంటే కార్డును చదివేసింది, దాని పని అది చేసింది. చదివింది ఏమిటో చూడు. రీడర్ యూఎస్‌బీ వైరు మెషీన్ నుంచి పీకి ల్యాప్‌టాప్‌కి గుచ్చు. నోట్‌ప్యాడ్ తెరువు. కార్డు పెట్టు. ఎక్కువ రీడర్లు కీబోర్డు వేషంలోనే ఉంటాయి, నంబరు కొట్టి కింది లైనుకి దిగుతుంది. కింది లైనుకి దిగకపోతే చివర్న ఎంటర్ పంపడం లేదని అర్థం, అది వేరే తంటా.

షార్జా_సర్వీసు
బాబాయ్ గారూ, అన్నీ కీబోర్డు వేషంలో ఉండవు. కొన్ని మెషీన్ కంపెనీలు రీడర్‌ని వేరే మోడ్‌లో పెట్టి ఇస్తాయి. నోట్‌ప్యాడ్‌లో ఏమీ రాకపోతే పాడైందని పారేయకండి. నాకు ఇక్కడ అలా చెత్తబుట్టలోంచి తీసిన రీడర్లు చాలా ఉన్నాయి, అన్నీ శుభ్రంగా పనిచేస్తున్నాయి 😀

టోనర్_చేతులు
చూశా. ఎవరికీ ఇవ్వని స్పేర్ కార్డు ఒకటి తీసుకున్నా. నోట్‌ప్యాడ్‌లో 2740752686 వచ్చింది, కింది లైనుకీ దిగింది. ఎక్సెల్‌లో అదే కార్డుకి 781278371 ఉంది. ఎక్కడా పొంతన లేదు.

కొత్త_కుర్రాడు_విశాఖ
ఒకటి పది అంకెలు, ఇంకోటి తొమ్మిది. ఎక్సెల్ ముందున్న సున్నాని మింగేసింది. దొరికింది దొంగ!

ఐటీ_గది_దెయ్యం
సున్నా మింగిన మాట నిజమే, తలుపుల సాఫ్ట్‌వేర్‌లో అది 0781278371 అయ్యుంటుంది. కానీ సున్నా పెట్టినా 2740752686 అవదు కదా తమ్ముడూ.

ఫ్యూజర్_బాబాయ్
పెన్ను తీసుకో. విండోస్ క్యాలిక్యులేటర్‌లో ప్రోగ్రామర్ మోడ్ ఉంటుంది. అక్కడ 2740752686 కొట్టి హెక్స్ (0-9, ఏ-ఎఫ్ కలిపి పదహారు గుర్తులతో రాసే లెక్క) చూడు: ఏ3 5సీ 91 2ఈ. ఇప్పుడు 781278371 కొట్టు: 2ఈ 91 5సీ ఏ3. రెండు రెండు అక్షరాలుగా విడదీసి చూడు, ఒక్కో జత ఒక బైట్. కనపడిందా?

టోనర్_చేతులు
తిరగేసి ఉంది!! అవే నాలుగు ముక్కలు, వెనక నుంచి ముందుకి.

ఫ్యూజర్_బాబాయ్
అంతే. కార్డులో ఉన్నది నాలుగు బైట్ల యూఐడీ, అంటే ఆ కార్డు సొంత గుర్తింపు నంబరు. తలుపు రీడరు దాన్ని ఒక వైపు నుంచి చదివి దశాంశంలోకి (మామూలు అంకెల్లోకి) మారుస్తుంది, నీ రీడరు ఇంకో వైపు నుంచి. రెండూ తప్పు కాదు, ఎవరి పద్ధతి వాళ్లది. నీ రీడర్ కంపెనీ ఇచ్చే కాన్ఫిగరేషన్ సాఫ్ట్‌వేర్‌లో బైట్ల వరస తిప్పే గడి ఉంటుంది. టిక్ పెట్టి రీడర్‌లోకి రాసెయ్. ఎనిమిదింటికీ చేసుకో, పని అయిపోయింది.

ఐటీ_గది_దెయ్యం
ఎనిమిది రీడర్లు పీకి ల్యాప్‌టాప్ పట్టుకుని ఫ్లోర్లు ఎక్కి దిగడం ఎందుకు? పేపర్‌కట్ లాంటి ప్రింట్ సర్వర్ సాఫ్ట్‌వేర్లలో వచ్చిన నంబరుని మార్చే సౌకర్యం ఉంది. హెక్స్ నుంచి దశాంశానికి, అటు నుంచి ఇటుకి, కావాలంటే చిన్న స్క్రిప్ట్ రాసి బైట్లు కూడా తిప్పొచ్చు. ఒక్క చోట మారిస్తే అన్ని మెషీన్లకీ వర్తిస్తుంది. రేపు ఒక రీడర్ చచ్చిపోయి కొత్తది పెట్టినా ఎవరూ ఏమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఫ్యూజర్_బాబాయ్
మరి పాత 125 కార్డుల వాళ్ల సంగతి? సర్వర్‌లో తిప్పితే వాళ్ల నంబర్లు కూడా తిరుగుతాయి. ఇవాళ్టిదాకా ప్రింట్ తీసుకున్నవాళ్లు రేపు నిన్ను తిడతారు. రీడర్‌లో అయితే కార్డు రకాన్ని బట్టి విడివిడిగా సెట్ చేసుకోవచ్చు, 13.56కి తిప్పు, 125ని ముట్టుకోకు.

టోనర్_చేతులు
సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, కాంట్రాక్టు వాళ్లు ఇంకా పాత కార్డులతోనే ఉన్నారు. వాళ్లకి వెనక గేటు పాత సిస్టమే.

ఐటీ_గది_దెయ్యం
అలాగైతే బాబాయ్ గారి దారే పట్టు. కానీ కాన్ఫిగరేషన్ ఫైలు ఒక కాపీ కస్టమర్ ఐటీకి కూడా ఇచ్చి పో. ఇంజినీరు కంపెనీ మారతాడు, ఫైలు అతని ల్యాప్‌టాప్‌తో పాటే పోతుంది. స్పేర్ రీడర్ మీద "సెట్ చేశాం" అని స్టిక్కర్ కూడా అంటించు.

బిల్లుల_అక్క
మీ మాటలు సగం అర్థం కాలేదు గానీ అడుగుతున్నా. మా ఆఫీసులోనూ ఇదే రీడరు. నా కార్డు పర్సులోంచి తీయకుండా పెడితే ఒకసారి వస్తుంది, ఒకసారి "నమోదు కాలేదు" అంటుంది. విడిగా తీసి పెడితే ఎప్పుడూ వస్తుంది. ఇది కూడా తిరగేసి చదవడమేనా?

షార్జా_సర్వీసు
కాదక్కా, మీ పర్సులో ట్యాప్ చేసే డెబిట్ కార్డు ఉంది. అదీ 13.56 మీదే పనిచేస్తుంది. రీడర్‌కి ముందు ఏది దొరికితే దాని నంబరు పంపుతుంది, మీ బ్యాంకు కార్డుకి ప్రింటర్‌లో ఖాతా లేదు కదా.

బిల్లుల_అక్క
అయ్యో! డబ్బులేమైనా కట్ అవుతాయా?

తాళంచెవి
అవవు మేడమ్. రీడరు నంబరు మాత్రమే అడుగుతుంది, పేమెంట్ జరగడానికి బ్యాంకుతో పెద్ద తంతు నడవాలి. బెంగ వద్దు.

బిల్లుల_అక్క
హమ్మయ్య. ఇంకొక్కటి. నేను ఏం ప్రింట్ తీశానో ఐటీ వాళ్లకి కనపడుతుందా?

ఐటీ_గది_దెయ్యం
ఫైలు పేరు, ఎన్ని పేజీలు, కలరా కాదా, ఏ టైముకి, ఏ మెషీన్ మీద అన్నవి లాగ్‌లో ఉంటాయి. లోపలి విషయం మామూలుగా కనపడదు. కానీ ఫైలు పేరే "రెజ్యూమే ఫైనల్ కొత్తది 2" అయినప్పుడు లోపల చూడాల్సిన పనేముంది 🙂

బిల్లుల_అక్క
ఇక నుంచి దానికి "జీఎస్టీ స్టేట్‌మెంట్" అని పేరు పెడతా.

కొత్త_కుర్రాడు_విశాఖ
😂😂 అక్కా సూపర్

తాళంచెవి
అందరూ యూఐడీ తిప్పడం గురించే మాట్లాడుతున్నారు. అసలు యూఐడీని గుర్తింపుగా వాడటమే తప్పు అని ఒక్కరూ అనరేం? యూఐడీ రహస్యం కాదు, ఏ రీడర్ అడిగినా కార్డు చెప్పేస్తుంది. పాత 125 కార్డులైతే మరీ ఘోరం, వాటికి తాళమే లేదు, టీ5577 చిప్ ఉన్న ఖాళీ కార్డులోకి క్షణాల్లో నకలు అవుతాయి. అపార్ట్‌మెంట్ గేటు ఫోబ్‌లు నకలు చేసే చిన్న మెషీన్లు ఆన్‌లైన్‌లోనే అమ్ముతున్నారు. 13.56 కార్డుల్లో మైఫేర్ క్లాసిక్ అనే రకానికి తాళం ఉంది గానీ దాని క్రిప్టో1 అనే తాళం పద్ధతిని 2008లోనే నెదర్లాండ్స్‌లోని నైమేగన్ యూనివర్సిటీ పరిశోధకులు విప్పేశారు. డెస్‌ఫైర్ అనే రకం కార్డు తీసుకుని, లోపల ఏఈఎస్ అనే గట్టి ఎన్‌క్రిప్షన్ తాళంతో దాచిన నంబరు చదివితేనే కాస్త భరోసా.

ఫ్యూజర్_బాబాయ్
బాబూ, ఇది ట్రెజరీ గది కాదు, ప్రింటర్. లీవ్ లెటర్ దొంగిలించడానికి ఎవడయ్యా కార్డు నకలు చేసేది?

తాళంచెవి
జీతాల పట్టిక, ఇంక్రిమెంట్ లెటర్లు, టెండర్ కొటేషన్లు ఏ దారిలో బయటికొస్తాయి మరి? ప్రింట్ కొట్టి ట్రేలో వదిలేస్తున్నారనే కదా కార్డు పెట్టింది. పెట్టినవాళ్లు సరిగ్గా పెట్టాలి.

ఐటీ_గది_దెయ్యం
ఇద్దరి మాటా నిజమే. నా దగ్గర హెచ్ఆర్, ఫైనాన్స్ వాళ్లకి కార్డుతో పాటు పిన్ కూడా పెట్టాం. మిగతా వాళ్లకి కార్డు ఒక్కటే. మొదట గొణిగారు, తర్వాత అలవాటైపోయింది.

కొత్త_కుర్రాడు_విశాఖ
కార్డు లేకుండా ఫోన్ పెడితే? నా ఫోన్‌లో ఎన్‌ఎఫ్‌సీ (కార్డులా ట్యాప్ చేసే సౌకర్యం) ఉంది, రీడర్ బీప్ కూడా అంది.

తాళంచెవి
బీప్ అంటుంది. కానీ ఆండ్రాయిడ్ ఫోన్ మామూలుగా ట్యాప్ చేసినప్పుడల్లా కొత్త నంబరు చెబుతుంది. మొదటి బైట్ 08 ఉంటే అది ఆ పూటకి పుట్టించిన నంబరని గుర్తు. ఇవాళ నమోదు చేసుకుంటే మళ్లీ ట్యాప్ చేసేసరికి నువ్వు ఎవరివో దానికి తెలియదు. ఫోన్‌తో చేయాలంటే దానికి తగిన యాప్, దాన్ని చదివే రీడర్ రెండూ కావాలి.

నైట్‌షిఫ్ట్_నాని
మధ్యలో ఒక జోకు. మా దగ్గర ఇలాగే నోట్‌ప్యాడ్ టెస్ట్ చేస్తుంటే నంబరు మధ్యలో గుడి, దీర్ఘం, పొల్లు వచ్చాయి. రీడర్‌కి దెయ్యం పట్టిందనుకున్నారు. తీరా చూస్తే ఆ ల్యాప్‌టాప్ తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఉంది, రీడర్ హెక్స్ పంపుతోంది. ఎఫ్ కొడితే గుడి, ఈ కొడితే దీర్ఘం, డీ కొడితే పొల్లు. కీబోర్డు వేషం అంటే నిజంగానే కీబోర్డు, మీటలు నొక్కినట్టే పంపుతుంది.

షార్జా_సర్వీసు
నవ్వకండి, ఇదే తంటా ఫ్రెంచ్ కీబోర్డు పెట్టిన మెషీన్లలోనూ వస్తుంది. అక్కడ అంకెలు రావాలంటే షిఫ్ట్ నొక్కాలి. మెషీన్ ప్యానెల్ భాష, కీబోర్డు లేఅవుట్ చూడకుండా రీడర్ మార్చేసినవాళ్లని చూశాను.

ఐటీ_గది_దెయ్యం
హెక్స్ అంటే గుర్తొచ్చింది. హెక్స్ నంబర్లని ఎక్సెల్‌లో తెరిచేవాళ్లకి హెచ్చరిక. 04521ఈ12 లాంటి నంబరు ఉందనుకోండి, అంకెల మధ్య ఒక్క ఈ మాత్రమే ఉన్నది. ఎక్సెల్ దాన్ని 4521 పక్కన పన్నెండు సున్నాలు అనుకుని 4.52ఈ+15 చేసేస్తుంది. సేవ్ కొడితే అసలు నంబరు గల్లంతు. ఫైలు తెరిచేటప్పుడే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా ఎంచుకోవాలి, తెరిచాక మార్చి లాభం లేదు. "కొందరికే ఎందుకు పనిచేయట్లేదు" అనే ఫిర్యాదుల్లో ఇది తరచూ కనపడుతుంది.

ఫ్యూజర్_బాబాయ్
అసలు ఎక్సెల్ ఎందుకయ్యా. సెల్ఫ్ రిజిస్ట్రేషన్ ఆన్ చెయ్యండి. తెలియని కార్డు పెడితే మెషీనే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఒకసారి కొడితే ఆ కార్డు వాడి పేరు మీద ఎక్కుతుంది. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా బాధ లేదు.

ఐటీ_గది_దెయ్యం
చెప్పడం తేలికే. సోమవారం పొద్దున మెషీన్ ముందు క్యూ చూశారా? ఆ చిన్న స్క్రీన్ మీద పద్నాలుగు అక్షరాల పాస్‌వర్డ్, మధ్యలో ఎట్ గుర్తు, డాలర్ గుర్తు. మూడుసార్లు తప్పు కొట్టి అకౌంట్ లాక్. ఆ ఫోన్లన్నీ నాకే. పైగా ఉద్యోగం మానేసినవాడి కార్డు తలుపు దగ్గర ఆపేస్తారు, ప్రింటర్‌లో మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆ కార్డు బిల్డింగు వాళ్లు ఇంకొకరికి ఇస్తే కొత్తవాడి ప్రింట్లు పాతవాడి లెక్కలో పడతాయి.

నైట్‌షిఫ్ట్_నాని
కార్డు చేతులు మారడం దాకా ఎందుకు, 125 కార్డుల్లో రెండు కంపెనీల నంబర్లు కలిసిపోవడమే చూశాను. ఆ కార్డు మీద 0001234567 018,54919 ఇలా రెండు నంబర్లు అచ్చువేసి ఉంటాయి చూడండి. రెండూ ఒకటే, 18ని 65536తో హెచ్చించి 54919 కలిపితే 1234567 వస్తుంది. తలుపుల వాళ్లు 18ని వదిలేసి చివరి 54919 మాత్రమే వాడుకున్నారు. పక్క ఆఫీసు కార్డుల్లో 18 బదులు ఇంకేదో ఉండి, చివర మళ్లీ అదే 54919 ఉంటే? ఇద్దరూ ఒకటే మనిషి అయిపోయారు.

టోనర్_చేతులు
3వ ఫ్లోర్ సంగతి ఎవరూ చెప్పలేదు.

షార్జా_సర్వీసు
అది నిద్ర జబ్బు. రాత్రంతా ఎవరూ వాడక మెషీన్ గాఢ నిద్రలోకి వెళ్లి యూఎస్‌బీకి కరెంటు ఆపేస్తోంది. పొద్దున లేచాక రీడర్‌ని మళ్లీ గుర్తుపట్టట్లేదు. మిగతా ఏడింటి ఎనర్జీ సేవ్ సెట్టింగుతో దీన్ని పోల్చి చూడు, ఎవరో మార్చి ఉంటారు. కొన్ని మోడళ్లలో ఆ సెట్టింగు సర్వీస్ మోడ్‌లోనే ఉంటుంది, కస్టమర్‌కి కనపడదు. అక్కడా తేడా లేకపోతే వైరు ఎక్కడ గుచ్చారో చూడు. ముందున్న పెన్‌డ్రైవ్ పోర్టుకి గుచ్చారా, లోపల రీడర్ కోసం ఇచ్చిన పోర్టుకా? మధ్యలో హబ్ ఏమైనా ఉందా?

టోనర్_చేతులు
నాకంటే ముందున్నవాళ్లు పెట్టిన రీడర్ అది. రేపు వెనక కవర్ తీసి చూస్తా.

ఫ్యూజర్_బాబాయ్
తీసినప్పుడు వైరు దారి కూడా చూడు. ప్యానెల్ మడత కింద నుంచి లాగి స్క్రూ బిగిస్తే వైరు నలుగుతుంది, ప్యానెల్ ఎత్తినప్పుడల్లా ఒకసారి వస్తుంది ఒకసారి పోతుంది. రీడర్ ఇనుప రేకు మీద అంటించి ఉంటే దూరం తగ్గుతుంది, కార్డు ఆనించి రుద్దితే గానీ చదవదు. ప్లాస్టిక్ మీదకి మార్చు, లేదా కింద ఇనుము ప్రభావాన్ని అడ్డుకునే ఫెరైట్ షీటు వెయ్. అంటించే ముందు స్పిరిట్‌తో తుడువు. టోనర్ పొడి మీద టేపు అంటిస్తే ఎండాకాలం వచ్చేసరికి రీడర్ వైరుకి వేలాడుతుంది.

టోనర్_చేతులు
అప్‌డేట్. 3వ ఫ్లోర్‌లో వెనక కరెంటు లేని చిన్న హబ్ ఒకటి టేపుతో కట్టి ఉంది, దానికి రీడర్‌తో పాటు ఇంకెవరో ఒక చిన్న ఫ్యాను గుచ్చారు!! యూఎస్‌బీ ఫ్యాను, ప్రింటర్‌కి. హబ్ పీకి నేరుగా లోపలి పోర్టుకి ఇచ్చా. ఎనర్జీ సేవ్ కూడా మిగతా వాటిలా చేశా. ఇప్పటిదాకా బాగుంది.

ఎనిమిది రీడర్లకీ 13.56 వైపు బైట్లు తిప్పా. దాదాపు అందరికీ వచ్చేసింది. కానీ కొత్తగా చేరిన బ్యాచ్‌కి ఇంకా రాలేదు. వాళ్ల కార్డులు చూడటానికి అచ్చం అలాగే ఉన్నాయి. నోట్‌ప్యాడ్‌లో మాత్రం చాంతాడంత నంబరు వస్తోంది.

తాళంచెవి
అవి ఏడు బైట్ల యూఐడీ కార్డులు. నాలుగు బైట్ల నంబర్లు అయిపోవస్తున్నాయని తయారీదారులు ఏడు బైట్లవి కూడా తెచ్చారు. కార్డులు అమ్మినవాడు రెండు లాట్లు కలిపి ఇచ్చాడు. తలుపుల సిస్టం ఏడులోంచి నాలుగు మాత్రమే కోసుకుని వాడుకుంటోంది, అందుకే తలుపు తెరుచుకుంటోంది. నీ రీడరు మొత్తం ఏడూ పంపుతోంది.

ఫ్యూజర్_బాబాయ్
ఏ నాలుగు కోసుకుంటోందో రెండు మూడు కార్డులు పోల్చి కనిపెట్టొచ్చు, రీడర్‌లోనూ అలాగే కోయించొచ్చు. కానీ ఒక్క బ్యాచ్ కోసం అంత దేనికి? వాళ్లకి సెల్ఫ్ రిజిస్ట్రేషన్ ఇచ్చెయ్.

ఐటీ_గది_దెయ్యం
ఈసారికి ఒప్పుకుంటున్నా. కొత్త బ్యాచ్ వరకే, క్యూ చిన్నదే. వాళ్లందరూ ఎక్కాక మళ్లీ ఆపేయమను. ఉద్యోగం మానేసినవాళ్ల కార్డులు తీసేసే పని మాత్రం హెచ్ఆర్ నెత్తిన రాసి పెట్టించుకోమను, మెయిల్‌లో.

టోనర్_చేతులు
సరే, సెల్ఫ్ రిజిస్ట్రేషన్ పెట్టించా. అందరికీ వస్తోంది. థాంక్స్ బాబాయ్, దెయ్యం అన్నా, అందరికీ.

కొత్త_కుర్రాడు_విశాఖ
ఈ పని ఏఎంసీలోకి రాదు కదా బ్రో. విజిట్ ఛార్జీ, కాన్ఫిగరేషన్ ఛార్జీ ఎవరిచ్చారు?

టోనర్_చేతులు
ఐటీని అడిగితే కార్డులు మార్చింది బిల్డింగు వాళ్లు కాబట్టి వాళ్లనడగమన్నారు. బిల్డింగు వాళ్లు ప్రింటర్లు మావి కాదన్నారు. హెచ్ఆర్ కొటేషన్ పంపమంది. ప్రింట్ తీసి సంతకంతో ఇవ్వాలట.